ద్రాక్షగింజకు విలువ వచ్చిన వైనం

వేరుసెనగ గింజమీది ఎర్రపొరను ఎప్పుడైనా విడిగా నమిలి చూశారా? నాలుక పట్టేస్తుంది, అంత వగరు. ద్రాక్షగింజ కొరికినా అంతే. ఈ వగరుకు ఒక చరిత్ర ఉంది. మనం చేటలో ఊదిపారేసే పొట్టుతో మొదలై, ఒంటికి రాసుకునే ఖరీదైన క్రీముల దాకా సాగిన చరిత్ర అది.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో ఫ్రాన్సులో తిండికీ, పశువుల మేతకూ కటకటగా ఉండేది. నూనె తీయగా మిగిలిన వేరుసెనగ చెక్కను పశువులకు పెడుతున్నారు. అందులో కలిసే ఎర్రపొరవల్ల ఏమైనా హాని ఉందా అన్న సందేహం వచ్చింది. బోర్డో విశ్వవిద్యాలయంలో జాక్ మస్కెలియే అనే యువకుడు దాన్ని పరిశోధించి, 1948లో సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. హాని లేదు సరిగదా, సన్నని రక్తనాళాల గోడలకు బలమిచ్చే పదార్థం ఒకటి బయటపడింది. 1950లో అది ఫ్రాన్సులో మందుగా వచ్చింది. ఆ తరవాత అటువంటిదే పైన్ చెట్టు బెరడులోనూ, 1970 నాటికి ద్రాక్షగింజలోనూ చూపించాడు. ప్రొయాంథోసయనిడిన్లు అంటారు వీటిని. పేరు పెద్దదే గాని, మన నాలుకకు తెలిసిన వగరే అది. నిలవ నూనె గాలి సోకి వాసన పడుతుంది గదా, అలాంటి మార్పును ఇది అడ్డగిస్తుంది.

ద్రాక్షగింజే ఎందుకంటారా? బోర్డో ద్రాక్షసారాయికి పేరుపడ్డ సీమ. నూరు కిలోల పండ్లు పిండితే సుమారు 20 కిలోల పిప్పి మిగులుతుంది. చాలాకాలం పాటు తోటలవాళ్లు ఆ పిప్పిని డిస్టిలరీలకు అప్పగించవలసి ఉండేది. అందువల్ల సరుకు ఒకచోట చేరేది, గింజ వేరుపడేది. ఊరూరా చెదిరి ఉన్న చెత్తతో ఏ పరిశ్రమా నిలవదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

1993లో జోసెఫ్ వెర్కోటెరెన్ అనే ఫార్మసీ ఆచార్యుడు బోర్డో దగ్గర స్మిత్ ఓ లఫీత్ తోటకు కోతల సమయంలో వెళ్లాడు. పారేస్తున్న గింజల విలువేమిటో ఆ ఇంటి ఆడపడుచు మతిల్డ్ తోమాకూ, ఆమె భర్త బెర్‌ట్రాన్‌కూ చెప్పాడు. కాని ఒక చిక్కు ఉంది. ఈ సారం గాలి తగిలితే తానే చెడిపోతుంది. నూనెల్లో ఉండే కొవ్వు ఆమ్లాలతో దాన్ని జతపరచి నిలిపే పద్ధతి కనిపెట్టారు. 1995లో కోదలీ అనే పేరుతో వారి క్రీములు బజారుకు వచ్చాయి.

తోట ఆ కుటుంబానిదే, పరిశోధన పక్క ఊళ్లోనే, అమ్మకం కూడా వాళ్ల చేతిలోనే. అందుకే లాభం వాళ్లకు దక్కింది. అది లేనిచోట పిప్పి పిప్పి ధరకే పోతుంది.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. చిత్తూరు ప్రాంతంలో తోతాపురి గుజ్జు తీసే ఫ్యాక్టరీల దగ్గర ప్రతి వేసవిలోనూ టెంకలు గుట్టలు పడతాయి. ఎండిన జీడిలో నూటికి సుమారు 10 పాళ్లు కొవ్వు ఉంటుంది. వెన్నలా గట్టిపడే ఈ కొవ్వును చర్మపు క్రీముల్లో వాడుతున్నారు. అయితే టెంక తడిమీద కుప్పలో మగ్గితే బూజు పడుతుంది, కొవ్వు పులిసి ధర పడిపోతుంది. వెంటనే చీల్చి, జీడి తీసి, ఆరబెట్టాలి.

విస్తరణ కార్యకర్తలు రైతులకు రెండు మాటలు చెప్పాలి. క్రీము తయారుచేసి అమ్మాలంటే లైసెన్సు కావాలి. ముడతలన్నీ మాయమవుతాయనే ప్రకటనలకు మురిసిపోయి డబ్బు పెట్టకూడదు. ముందుగా టెంక ఎంత చేరుతుంది, ఆరబోతకు కళ్లం ఉందా, కొనేవాడు ఎవరు, ఈ మూడూ రైతులతో కూర్చుని కాగితంమీద వెయ్యండి. లెక్క కుదిరితేనే సంఘంగా చేరి పని మొదలుపెట్టండి.