సంచిలోకి ఎక్కిన పొయ్యి

హైదరాబాదులో ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినా, విజయవాడలో కోరమాండల్ అందుకున్నా, ఇప్పుడు చివరికి దిగేది షాలిమార్‌లో. హుగ్లీ నది పడమటి ఒడ్డున, విద్యాసాగర్ సేతువుకూ శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌కూ చేరువలో ఉన్న ఈ స్టేషన్ చాలాకాలం గూడ్సు యార్డుగానే పనిచేసింది. దక్షిణాది రైళ్ళు ఇటు మళ్ళాక డార్జిలింగ్ కొండలకు, సందక్‌ఫు ట్రెక్కింగుకు వెళ్ళే తెలుగువాళ్ళు చాలామంది ఇక్కడే దిగి సియాల్దాకో హౌరాకో వెళ్ళి ఉత్తర బెంగాల్ రైలు పట్టుకుంటున్నారు.

వీపున సంచి, సంచిలో గుడారం, స్లీపింగ్ బ్యాగు. మరి పొయ్యి సంగతేమిటి? 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం ప్రమాదకరమైన సరుకును బోగీలోకి తేకూడదు. తెస్తే 164వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. గ్యాసు సిలిండరు, పెట్రోలు, కిరసనాయిలుతో పాటు స్టవ్వు పేరు కూడా రైల్వేవారి నిషిద్ధ వస్తువుల ప్రకటనల్లో కనిపిస్తుంది. విమానంలో కూడా గ్యాసు డబ్బాను అనుమతించరు. అంటే ఇంధనం ఏదైనా దిగిన చోట కొనాల్సిందే, పొయ్యి కూడా చాలావరకు అక్కడ అద్దెకు తీసుకోవాల్సిందే.

ఇది మన రైళ్ళతో వచ్చిన చిక్కు అనిపించవచ్చు. కానీ ప్రయాణపు పొయ్యి చరిత్ర మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. వెళ్ళే చోట మండేది ఏం దొరుకుతుంది? దానికి జవాబుగానే ఒక్కో పొయ్యీ పుట్టింది.

మూడు రాళ్ళ కాలం

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, తిరుగు ప్రయాణంలో కలకత్తా మీదుగా 1831లో ఇల్లు చేరారు. వెంట వందమంది దాకా పరివారం. ఏ మజిలీలో అంగళ్ళున్నాయో, ఎక్కడ నీళ్ళు బాగుంటాయో, ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుందో ఆయన ఓపిగ్గా రాసి పెట్టారు. ఆ రోజుల్లో బాటసారి వెంట పొయ్యి తీసుకెళ్ళేవాడు కాదు. మూడు రాళ్ళు, నాలుగు ఎండు పుల్లలు దొరికితే వంట అయిపోయేది. కట్టెలు లేనిచోట ఆగడమే కుదిరేది కాదు. మజిలీ ఎక్కడో ఆకలితో పాటు వంటచెరకు కూడా నిర్ణయించేది.

యూరప్‌లో ఈ బంధాన్ని తెంచాలని చూసినవారిలో లండన్‌లో స్థిరపడిన ఫ్రెంచి వంటగాడు అలెక్సిస్ సోయర్ ఒకరు. 1849లో ఆయన స్పిరిట్ దీపంతో నడిచే చిన్న బల్లమీది పొయ్యిని అమ్మకానికి పెట్టారు. క్రిమియా యుద్ధంలో సైనికుల కోసం ఆయనే తయారు చేసిన పెద్ద పొయ్యి బ్రిటిష్ సైన్యంలో తరతరాలు నిలిచింది. అయినా స్పిరిట్ ఖరీదైనది, పైగా వేడి తక్కువ. చవకైన ఇంధనం దొరికితే తప్ప పొయ్యి సామాన్యుడి సంచిలోకి చేరేది కాదు.

మసి పట్టని నీలి మంట

ఆ చవక ఇంధనం కిరసనాయిలు. పంతొమ్మిదో శతాబ్దం చివరికల్లా అది ప్రపంచమంతటా దీపాల్లోకి చేరింది. కలకత్తాకు దిగువన హుగ్లీ ఒడ్డునే ఉన్న బజ్‌బజ్ ఓడల్లో వచ్చే నూనెకు పెద్ద నిల్వ కేంద్రంగా ఎదిగింది. అస్సాంలోని డిగ్బోయ్‌లో 1901 నాటికి నూనెశుద్ధి కర్మాగారం కూడా పనిచేస్తోంది. నూనె ఊరూరా దొరుకుతున్నా, వత్తితో మండిస్తే పొగ, మసి, గిన్నెల అడుగున నల్లటి పొర.

స్టాక్‌హోంలో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ 1892లో ఈ చిక్కును విప్పారు. ఇత్తడి తొట్టిలోకి పంపుతో గాలి కొట్టాలి. ఆ ఒత్తిడికి కిరసనాయిలు గొట్టంలోకి ఎక్కుతుంది. గొట్టాన్ని ముందే కాస్త స్పిరిట్ మండించి వేడి చేసి ఉంచుతారు కనుక నూనె అక్కడే ఆవిరవుతుంది. సన్నటి నాజిల్ లోంచి చిమ్మిన ఆ ఆవిరి గాలితో కలిసి నీలంగా, జోరుగా మండుతుంది. వత్తి లేదు, మసి లేదు. దాని పేరు ప్రైమస్. మన ఇళ్ళలో ఒకప్పుడు బుస్సుమంటూ మండిన పంపు స్టవ్వు దీని సంతానమే. నాజిల్‌కు మడ్డి పడితే పొడవడానికి వాడిన స్టవ్ పిన్నును పెద్దవాళ్ళు ఇప్పటికీ గుర్తుంచుకునే ఉంటారు.

మంచు ఖండాల యాత్రికులు దీన్ని వెంటనే చేపట్టారు. ఉత్తరధ్రువం వైపు 1893లో ఫ్రామ్ నౌకలో వెళ్ళిన ఫ్రిట్యోఫ్ నాన్సెన్, ప్రైమస్ మీద పెట్టేందుకు ఒక గిన్నె చుట్టూ మరో గిన్నె ఉండే కుక్కరు చేయించుకున్నారు. లోపలి గిన్నెలో వంట ఉడుకుతుంటే, పక్కలకు పోయే వేడితో బయటి గిన్నెలో మంచు కరిగేది. వేడి వృథా కాకుండా చూడాలన్న ఈ ఆలోచనే నేటి ఖరీదైన పర్వతారోహణ పొయ్యిలకు కూడా మూలం.

ఇంధనం మోసం చేస్తే ఏమవుతుందో కూడా ధ్రువాలే చూపించాయి. దక్షిణధ్రువం నుంచి 1912లో తిరిగి వస్తున్న రాబర్ట్ స్కాట్ బృందం, దారిలో ముందే దాచి ఉంచిన కిరసనాయిలు డబ్బాలు తెరిస్తే నూనె తక్కువగా ఉంది. చలికి మూతల తోలు వాషర్లు బిగువు కోల్పోయి నూనె జారిపోవడమే ప్రధాన కారణమని చెబుతారు. వేడి లేకపోతే తాగునీళ్ళు కూడా ఉండవు, ఎందుకంటే అక్కడ నీరంటే కరిగించిన మంచే. స్కాట్ బృందంలో ఎవరూ ప్రాణాలతో తిరిగి రాలేదు. వారికంటే ముందే ధ్రువం చేరిన అముండ్సెన్ తన నూనె డబ్బాల మూతలను టంకంతో అతికించి తీసుకెళ్ళాడు.

ఎవరెస్టు కథలోనూ స్టవ్వుకు చోటుంది. 1953 మే 29 తెల్లవారుజామున ఎడ్మండ్ హిల్లరీ బూట్లు గడ్డకట్టి రాయిలా ఉంటే, చివరి శిబిరంలో స్టవ్వు మీద వేడిచేసుకుని తొడుక్కుని బయల్దేరారు. ఆయనతో శిఖరమెక్కిన టెన్జింగ్ నార్గే డార్జిలింగ్ వాసి. మరుసటి ఏడాదే డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన తెలంగాణ పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ శిక్షణ పొందింది కూడా అక్కడే.

కలకత్తా ఇచ్చిన కుక్కరు

ప్రైమస్‌కు పంపు కొట్టాలి, కనిపెట్టుకుని ఉండాలి. ఆ శ్రమ లేని మార్గం కలకత్తాలోనే పుట్టింది. ఇందుమాధవ్ మల్లిక్ వైద్యుడు, న్యాయశాస్త్రం చదివినవారు, దేశాలు తిరిగినవారు. ఆయన 1910లో ఇక్‌మిక్ కుక్కరు తయారుచేశారు. పొడవాటి డబ్బాలో టిఫిన్ క్యారియర్ లాగా ఒకదాని మీద ఒకటి గిన్నెలుంటాయి. ఒకదాంట్లో బియ్యం, ఒకదాంట్లో పప్పు, ఒకదాంట్లో కూర. అడుగున నీళ్ళు, ఆ కింద బొగ్గుల కుంపటి. నిప్పు రాజేసి వెళ్ళిపోతే ఆవిరి మీద అన్నీ నెమ్మదిగా ఉడుకుతాయి. పూరీ జగన్నాథుని వంటశాలలో కుండ మీద కుండ పెట్టి వండే పద్ధతి ఆయనకు స్ఫూర్తి అని చెబుతారు.

దీని గొప్పతనం ఇంధనం ఎంపికలో ఉంది. స్పిరిట్ దొరకని పల్లెలో కూడా గుప్పెడు బొగ్గు దొరుకుతుంది. మెస్సుల్లో ఉండే ఉద్యోగులు, ఒంటరి ప్రయాణికులు వాడుకునే వీలున్న పరికరం ఇది. ఉన్న ఇంధనాన్ని చూసి దానికి తగ్గ పొయ్యిని మలచిన మల్లిక్, ఈ కథలో లిండ్‌క్విస్ట్‌కు సమానమైన గౌరవానికి అర్హుడు.

స్పిరిట్, పెట్రోలు, గ్యాసు

ఇరవయ్యో శతాబ్దంలో దారులు చీలాయి. 1936లో జర్మనీలో ఎరిక్ షుమ్ మాత్రల రూపంలో ఘన ఇంధనం తెచ్చారు. అరచేతిలో ఇమిడే రేకు స్టాండు మీద ఒక మాత్ర వెలిగిస్తే కప్పు టీ కాగుతుంది. స్వీడన్‌కు చెందిన ట్రాంజియా కంపెనీ 1951లో గాలివానకు ఆరని స్పిరిట్ పొయ్యి చేసింది. అందులో కదిలే భాగమంటూ లేదు, పాడయ్యేదీ లేదు. అయితే స్పిరిట్ ఇచ్చే వేడి, అంతే బరువు కిరసనాయిలు ఇచ్చే వేడిలో మూడింట రెండు వంతులకు కూడా చేరదు. పైగా పగటి వెలుగులో దాని మంట కంటికి ఆనదు.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం కోల్‌మన్ కంపెనీ పెట్రోలుతో నడిచే చిన్న పొయ్యి చేసింది. సియాటిల్‌లో లారీ పెన్‌బర్తీ స్థాపించిన ఎంఎస్ఆర్ సంస్థ 1973లో నూనె సీసాను మంటకు దూరంగా పెట్టి గొట్టంతో కలిపింది. కొండల మీద నీరు తాగక నీరసించేవారి గురించి పెన్‌బర్తీకి బెంగ. మంచును త్వరగా కరిగించే పొయ్యి ప్రాణరక్షణ పరికరమని ఆయన నమ్మకం. ఆ దారిలో వచ్చినవే పెట్రోలు, కిరసనాయిలు, డీజిలు ఏది పోసినా మండే బహుళ ఇంధన స్టవ్వులు.

నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు ఖరగ్‌పూర్ ఐఐటీలో, కలకత్తా ఐఐఎంలో చదివి, 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. అలాంటి యాత్రలో ఇంధనం విమానంలో వెంట రాదు, ప్రతి ఖండంలో కొత్తగా సమకూర్చుకోవాల్సిందే. దొరికిన నూనెతో పనిచేసే పొయ్యి విలువ అక్కడ అర్థమవుతుంది.

గ్యాసు సామాన్యుడి వంటింటికి, విహారానికి దాదాపు ఒకే తరంలో వచ్చింది. ఫ్రాన్స్‌లో క్యాంపింగ్ గ్యాస్ సంస్థ 1949లో మొదలై, చిన్న బ్యూటేన్ డబ్బాల పొయ్యిని వాడుకలోకి తెచ్చింది. మన దగ్గర ఇండేన్ తొలి కనెక్షన్ 1965లో కలకత్తాలోనే ఇచ్చారు. 2004లో అమెరికా నుంచి జెట్‌బాయిల్ వచ్చింది. గిన్నె అడుగున రేకుల వరసలు అమర్చి, పక్కలకు పోయే వేడిని ఒడిసిపట్టింది. నాన్సెన్ ఆలోచనే మళ్ళీ కొత్త రూపంలో.

ఎక్కడికి ఏది?

గ్యాసు డబ్బా కొనేముందు లోపల ఏముందో చదవండి. మామూలు బ్యూటేన్ మైనస్ అర డిగ్రీ దగ్గరే ఆవిరి కావడం ఆపేస్తుంది. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. గ్యాసు వెలువడే కొద్దీ డబ్బా తనంతట తనే చల్లబడుతుంది కనుక లంబసింగి చలి తెల్లవారుజామున కూడా ఉత్త బ్యూటేన్ మంట కుంగిపోతుంది. పొడవాటి చవక డబ్బాల్లో చాలావరకు ఉండేది బ్యూటేనే. చలి ప్రాంతానికి ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన, మరతో బిగించే డబ్బా తీసుకోండి.

ఎంత కావాలి? గది వేడిలో ఉన్న లీటరు నీళ్ళు మరగడానికి, సగం వేడి గాలిపాలైనా, దాదాపు 15 గ్రాముల గ్యాసు పడుతుంది. 230 గ్రాముల డబ్బాతో సుమారు 15 లీటర్లు మరుగుతాయి. మంచు కరిగించాలంటే లెక్క మారుతుంది. మంచును నీరు చేయడానికే, ఆ నీటిని 80 డిగ్రీలు వేడెక్కించినంత ఖర్చవుతుంది. కాబట్టి ఇంధనం రెట్టింపుకు పైగా పట్టుకెళ్ళాలి.

మన అరకు, అనంతగిరి వంటి చోట్ల ఒకటి రెండు రోజుల విడిదికి చిన్న గ్యాసు స్టవ్వు చాలు. నల్లమల పులుల అభయారణ్యం లాంటి రక్షిత అడవుల్లో మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా ఏ నిప్పూ వెలిగించకూడదు. సందక్‌ఫు 3,636 మీటర్ల ఎత్తు, బెంగాల్‌లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం. ఆ దారిలో హోంస్టేలు, విడిది గృహాల్లో భోజనం దొరుకుతుంది కనుక టీ నీళ్ళకు సరిపడా పొయ్యి ఉంటే చాలు. అక్కడ నీరు 88 డిగ్రీలకే మరుగుతుంది. కందిపప్పు మామూలు గిన్నెలో తేలిగ్గా ఉడకదు, కుక్కరు ఉండాల్సిందే. పెద్ద బృందమైతే ఇండియన్ ఆయిల్ వారి 5 కిలోల ఛోటూ సిలిండరు తీసుకోవచ్చు. దానికి చిరునామా రుజువు అక్కర్లేదు, గుర్తింపు కార్డు ఉంటే చాలు. నెలల తరబడి ఎత్తైన మంచు కొండల్లో తిరిగేవారికి బహుళ ఇంధన స్టవ్వును మించినది లేదు.

ఏ పొయ్యి అయినా రెండు జాగ్రత్తలు తప్పవు. మూసిన గుడారంలో వెలిగించకండి. కనిపించని, వాసన రాని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గ్యాసు డబ్బాను కలుపుకుని గాలికి అడ్డుగా రేకు చుట్టకండి, డబ్బా వేడెక్కి పేలవచ్చు.

కొనేవారికి చెప్పవలసింది ఒక్కటే. ముందు ఎక్కడికి వెళ్తున్నారో తేల్చుకోండి, అక్కడ ఏ ఇంధనం నమ్మకంగా దొరుకుతుందో విచారించండి, ఆ తర్వాతే పొయ్యిని ఎంచుకోండి. కొత్త పొయ్యి అయినా, అద్దె పొయ్యి అయినా, కొండ ఎక్కకముందే ఆరుబయట ఒకసారి వెలిగించి చూడండి. ఖాళీ అయిన డబ్బాలను కొండ మీద వదలకుండా కిందికి తీసుకురండి.