బస ఎక్కడ? : ఇందూరు, బోధన్‌లలో వెనకటి విడిదులు



మన జిల్లా చరిత్ర రాసేవారు ఖిల్లా గురించి, డిచ్‌పల్లి రామాలయం గురించి, నిజాంసాగర్ గురించి విస్తారంగా రాస్తారు. కానీ పనిమీద పట్నం వచ్చిన మనిషి ఆ రాత్రి ఎక్కడ నడుము వాల్చాడన్నది ఎవరూ రాయరు. 1970ల నుంచి ఉద్యోగరీత్యా ఈ జిల్లాలో తిరిగినవాడిని కనుక నాకు తెలిసినంత మేరకు ఇక్కడ పొందుపరుస్తున్నాను.

ఇందూరు పేరు 1905లో నిజామాబాద్ అయింది. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వెళ్లే మీటర్ గేజి రైలు మార్గం అంతకు కొద్ది ఏళ్ల ముందే వచ్చింది. రైలుతో బేరం, బేరంతో బాటసారులు పెరిగారు. బస ఎక్కడన్నది మనిషి హోదాను బట్టి తేలేది. నిజాం పాలన చివరి రోజుల్లో మహాకవి దాశరథి గారికైతే సర్కారే ఖిల్లా జైలులో విడిది ఏర్పాటు చేసింది!

దౌరా మీద వచ్చే అధికారులకు ముసాఫిర్ బంగళా ఉండేది. గది కావాలంటే ముందుగా అనుమతి కాగితం కావాలి. పెద్ద అధికారి వస్తే చిన్న అధికారి ఖాళీ చేయవలసిందే. మా వంటి గుమాస్తాలు జమాబందీకి వెంట వెళ్తే, ఫైళ్ల పెట్టెలతో పాటు ఆఫీసు గదిలోనే బల్లలు జరుపుకొని పడుకునేవాళ్లం. చప్రాసీకి వరండాయే గతి. చలికాలంలో అతను గోనెపట్టా కప్పుకొని, తెల్లవారేసరికి మాకంటే ముందే లేచి నీళ్లు కాచి పెట్టేవాడు. టి.ఎ. బిల్లులో మా అందరి దినభత్యం లెక్కలు ఉంటాయి గాని, ఆ వరండా సంగతి ఏ ఫైలులోనూ లేదు.

రైతుల దారి వేరు. పసుపు తెచ్చినవారు గంజ్‌లో అడ్తిదారు దుకాణం ముందరే బస్తాల మీద పడుకునేవారు. అక్కడ బసకు పైసా ఖర్చు లేదు, సరుకుకు కాపలా కూడా అయ్యేది. అయితే రాత్రి ఎవరి నీడన పడుకున్నాడో, తెల్లారి అతనితో ధర విషయంలో గట్టిగా మాట్లాడటం రైతుకు కష్టమే. ఉచిత బసకు ఆ ధర ఉండేది.

బోధన్ సంగతి మరీ ప్రత్యేకం. 1923లో మొదలుపెట్టి 1931కి మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. ఆ నీటితో చెరకు పెరిగింది. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వల్ల శక్కర్‌నగర్ అనే ఊరే వెలసింది. ఉద్యోగులకు క్వార్టర్లు ఉండేవి. చెరకు బండ్లవారికి మాత్రం బండి కిందే బస. నరికిన చెరకు ఆలస్యమైనకొద్దీ ఆరిపోయి తూకం తగ్గుతుంది, పంచదార దిగుబడీ తగ్గుతుంది. కాబట్టి వరుసలో తన వంతు వచ్చేదాకా రైతు బండిని వదిలి ఏ సత్రానికీ పోలేడు. కాంటా దగ్గర ఎడ్ల మెడ గంటలు, చలిమంటలు, ఫ్యాక్టరీ కూత ఆనాటివారికి గుర్తుండే ఉంటాయి.

కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి సాగుకు వచ్చినవారు మొదట పాకలు వేసుకున్న చోట్లు "క్యాంపు"లయ్యాయి. బోధన్, వర్ని, కోటగిరి వైపు నేటికీ క్యాంపు పేరుతో ఊళ్లున్నాయి. తాత్కాలికమనుకున్న మకాం మూడు తరాల స్వగ్రామమైంది. ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు ఇంతకంటే పెద్ద జవాబు మన జిల్లాలో లేదు.

తరువాత బస్టాండు, స్టేషను చుట్టుపక్కల లాడ్జీలు పెరిగాయి. పైకం ఉన్నవాడికి గది దొరికే రోజు వచ్చింది. హోదా అడగకపోవడం ఒక విధంగా మేలే. ఫ్యాక్టరీ మాత్రం 2002లో ప్రైవేటు యాజమాన్యం చేతికి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడింది. దానితో బండ్ల వరుస, చలిమంటల కబుర్లు జ్ఞాపకాలుగా మిగిలాయి.

బంగళాలు కట్టిన ఏడాది రికార్డుల్లో దొరుకుతుంది. వరండాలో, బండి కింద, బస్తాల మీద పడుకున్నవారి చరిత్ర మన తరం నోటనే ఉంది. సభ్యులు తమకు తెలిసిన విడిదుల వివరాలు నాలుగు వాక్యాలైనా రాసి సంఘానికి పంపవలసిందిగా కోరుతున్నాను. రాయడం కష్టమైనవారు మనుమలకు చెప్పి రాయించండి.