ఫ్రాంక్‌ఫర్టు వంటయిల్లు

వంటయింటి నిర్మాణము వాస్తుశిల్పుల యోచనకు దగినది కాదని తలంచువారికి మేము ఫ్రాంక్‌ఫర్టు నగరపు వృత్తాంతమును జూపుదుము. మొదటి మహాయుద్ధానంతరము జర్మనీలో ఇండ్లకఱవు మిక్కుటమయ్యెను. అప్పుడు నూతనగృహములు కట్టించుచుండిన ఎర్నెస్టు మే, వంటయింటి పనిని మార్గరెటె లిహోట్స్కీ యను ఆస్ట్రియా యువతి కప్పగించెను. 1926లో నామె రచించిన గది ఇంచుమించు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు మాత్రమే. రైలుబండి భోజనశాలలోని యిఱుకు వంటగది యామెకు మార్గదర్శి. ఒక్కొక్క పనికి బట్టు కాలమును, నడచు నడుగులను లెక్కించి చూచెను. కిటికీ క్రింద పనిబల్ల. అందే చెత్త త్రోయుటకు గాడి. కూర్చుండి తరుగుటకు దిరుగుడు పీట. బియ్యము, చక్కెర మొదలగువానికి పిడిగల అల్యూమినియపు సొరుగులు. పిండికి మాత్రము, పురుగు పట్టకుండుటకై, ఓకుకొయ్య సొరుగు. ఈగలు వ్రాలవని నీలిరంగు పూసిరట! ఇట్టివి సుమారు పదివేలు కట్టబడెను.

శ్రమ తగ్గిన మాట నిజము. కాని యొక్కరు నిలుచుటకే చోటుగల యా గదిలో రెండవవారు చేయిసాయము చేయుటకు వీలులేదు. ఆటలాడు బిడ్డను కనిపెట్టుటయు కష్టము. వంట యిల్లాలి యొక్కతె పనియే యను భావము గోడలతోపాటు కట్టువడెనని మా యభిప్రాయము. చిత్రమేమనగా, ఆ గదిని రచించునాటికి దనకు వంటయే రాదని యామెయే తరువాత జెప్పుకొనెను.