పండుగ కానుకగా అద్భుతకథ

దసరానాడు జమ్మియాకును బంగారమని పెద్దల చేతులలో నుంచి దీవెనలు గైకొను తెలంగాణమున, అద్భుతకథ అచ్చునకెక్కక మునుపే పండుగ కానుకయైనది. ఏలయన రఘుమహారాజునకు వెఱచి కుబేరుడు జమ్మిచెట్టుపై కనకవర్షము గురిపించిన గాథ ఆ యాకుతోడనే వచ్చుచున్నది.

ఇక అచ్చులోని అద్భుతమునకు వచ్చిన, ఆ తెలంగాణముననే 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున, 1939లో ప్రారంభమైన గులాబిరాతి ఆర్ట్స్ కళాశాల భవనమును చెంతనున్న తార్నాకనుండి వచ్చి చూచు బాలునికి, 'చందమామ' బొమ్మలలోని మాయాదుర్గమే యెదుట నిలిచినట్లుండును. చక్రపాణి, నాగిరెడ్డిగార్లు 1947 జూలైలో మదరాసున నారంభించిన ఆ పత్రికకంటె అద్భుతప్రియునికి మేలైన కానుక తెలుగున లేదని నా నిశ్చయము. అందు దాసరి సుబ్రహ్మణ్యముగారు 'తోకచుక్క' మొదలుగా మాంత్రికులను, రాక్షసులను, ఘోరారణ్యములను నెలనెలా సృష్టించుచుండగా, చిత్రకారులు చిత్రాగారు వానికి రూపమొసగిరి. ఐనను రచయిత పేరు ఆ పుటలపై నుండెడిది కాదు.

ఆ పాత సంపుటములను కానుక నిచ్చువారలారా, తొలిపుటపై ఆయన పేరు వ్రాసి యిండు.