స్వల్పకాలిక ఒప్పంద నర్సులు (నెల్లూరు తీరం)

శాశ్వత నియామకం లేకుండా, కొన్ని వారాలకో నెలలకో కుదిరిన ఒప్పందం మీద ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు. అమెరికాలో వీరిని ట్రావెల్ నర్సులంటారు. తెలుగులో ఇంకా స్థిరపడిన మాట లేదు. ‘సంచార నర్సు’ అని అక్కడక్కడ రాస్తున్నారు గానీ, సంచార వైద్యం అనగానే మనవాళ్లకు 104 బండి గుర్తొస్తుంది కనుక ఈ వ్యాసంలో ఆ మాట వాడలేదు. జిల్లాలో వినిపించేవి ‘కాంట్రాక్టు సిస్టర్’, ‘అవుట్‌సోర్సింగ్ స్టాఫ్ నర్సు’ అనే మాటలు. పల్లెల్లో మాత్రం ఎవరైనా నర్సమ్మే. ఆమెది ఏ రకం ఉద్యోగమో రోగికి తెలియదు, జీతం బిల్లు పెట్టే గుమస్తాకు తెలుస్తుంది.

ఈ వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్న విడవలూరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో, కోవూరు నియోజకవర్గంలోని మండల కేంద్రం. పెన్నకు ఉత్తరాన వరి మళ్లు, సముద్రం వైపు రొయ్యల గుంటలు, తీరాన రామతీర్థం. పెద్ద జబ్బు చేస్తే ఏరు దాటి నెల్లూరు పోవాల్సిందే. నర్సింగ్ చదివిన ఇక్కడి పిల్లలకూ మొదటి ఉద్యోగం ఎక్కువగా ఆ ఊళ్లోనే దొరుకుతుంది.

పుట్టుక

అమెరికాలో ఈ వృత్తి ఎలా మొదలైందన్న దానికి రెండు కథనాలున్నాయి. ఎక్కువగా చెప్పేది పండగ కథ: 1970ల చివర, కొందరి లెక్కన 1978లో, న్యూ ఆర్లియన్స్‌లో మార్డి గ్రా ఉత్సవానికి వచ్చే జనాన్ని తట్టుకోలేక ఆసుపత్రులు బయటి ఊళ్ల నర్సులను కొన్నాళ్లకు పిలిపించుకున్నాయని. రెండోది అంత రంజుగా ఉండదు. ఆ దశకంలో దేశమంతటా నర్సుల కొరత ఉంది. చలికాలంలో ముసలివాళ్లు ఫ్లోరిడా, అరిజోనాలకు తరలిపోతే అక్కడి వార్డులు నిండిపోయేవి. ఏడాదికోసారి వచ్చే పండగ ఒక వృత్తిని నిలబెట్టలేదు కాబట్టి రెండోదే నమ్మదగినదిగా తోస్తుంది. అక్కడ ఒప్పందం మామూలుగా 13 వారాలకు ఉంటుంది. 13 వారాలే ఎందుకన్న దానిపైనా ఏకాభిప్రాయం లేదు. 12 వారాల ప్రసూతి సెలవుకు పని నేర్చుకునే వారం ఒకటి కలిపారని కొందరంటారు. అయితే ఆ సెలవు చట్టం 1993 నాటిది, 13 వారాల వాడుక అంతకుముందే ఉన్నట్టు కనిపిస్తుంది. ఏడాదిలో నాలుగో వంతు అన్న మామూలు లెక్కే సరైనది కావచ్చు.

నెల్లూరుకూ అలాంటి పండగ ఉంది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండగకు లక్షల్లో జనం వస్తారు. గట్టున వైద్య శిబిరాలు వెలుస్తాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి నర్సులను డిప్యుటేషన్ మీద పంపి వాటిని నడుపుతారు. న్యూ ఆర్లియన్స్‌లో పండగ రద్దీ బయటి నర్సుకు గిరాకీ తెచ్చిందంటారు. ఇక్కడ ఉన్న నర్సునే నాలుగు రోజులు జరుపుతారు. ఆమె కదిలితే వెనక కేంద్రంలో డ్యూటీ మరొకరి నెత్తిన పడుతుంది. చెరువులో ఒక్కో కోరిక పేరిట మార్చుకునే రొట్టెల్లో ఉద్యోగ రొట్టె, విదేశీ రొట్టె కూడా ఉండటం శిబిరంలో కూర్చున్న కాంట్రాక్టు సిస్టర్ గమనించకుండా ఉండదు.

ప్రభుత్వ ఒప్పందాలు

2005 ఏప్రిల్ 12న మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ పల్లె ఆసుపత్రుల్లోకి ఒప్పంద నర్సులను పెద్ద ఎత్తున తెచ్చింది. ఇరవై నాలుగు గంటల ఆరోగ్య కేంద్రాల్లో కాన్పులు చేయాలంటే షిఫ్టుకొకరు చొప్పున ముగ్గురు స్టాఫ్ నర్సులు ఉండాలని లెక్క. ఒకరు సెలవు పెడితే మిగిలిన ఇద్దరూ ఆ రోజును పంచుకుంటారు. ఒప్పందం సాధారణంగా ఏడాదికి. గడువు తీరినప్పుడల్లా రెన్యూవల్ ఉత్తర్వు కోసం ఎదురుచూపులు. పదేళ్లు, పన్నెండేళ్లు ఇలా గడిపినవాళ్లున్నారు కాబట్టి ‘స్వల్పకాలిక’ అన్న మాట ఇక్కడ కాగితం వరకే వర్తిస్తుంది.

అవుట్‌సోర్సింగ్ వేరు. అందులో నర్సుకూ ఆసుపత్రికీ మధ్య ఏజెన్సీ ఉండేది. 2020 జూలైలో ప్రారంభమైన రాష్ట్ర ప్రభుత్వ అవుట్‌సోర్సింగ్ సంస్థ ఆప్కాస్ ఆ ప్రైవేటు ఏజెన్సీల స్థానంలోకి వచ్చింది. ఉపకేంద్రాల స్థాయిలో పనిచేసే ఎంఎల్‌హెచ్‌పీలు (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు) మరో తరగతి. వీరు బీఎస్సీ నర్సింగ్ చదివి, సామాజిక ఆరోగ్యంలో ప్రత్యేక శిక్షణ పొంది, ఆరోగ్య మిషన్ ఒప్పందం మీదే ఉంటారు.

మార్కుల లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో ఒప్పంద నర్సును ఊరు మార్పించేది జీతం కన్నా వెయిటేజీ. ఇటీవలి నియామక ప్రకటనల ప్రకారం రాతపరీక్ష ఉండదు. నూటికి 75 మార్కులు చదువులో వచ్చినవాటిని బట్టి, 10 మార్కులు చదువు పూర్తయి గడిచిన ఏళ్లను బట్టి, మిగిలిన 15 ఒప్పంద సేవకు. ఆ చివరి 15లోనే ప్రాంతాల తేడా ఉంది. ఆరు నెలల సేవకు పట్టణంలో 1, గ్రామంలో 2, గిరిజన ప్రాంతంలో 2.5 మార్కులు. అంటే పూర్తి 15 రావాలంటే నెల్లూరు నగరంలో ఏడున్నరేళ్లు, విడవలూరు వంటి చోట మూడేళ్ల తొమ్మిది నెలలు, గిరిజన ప్రాంతంలో మూడేళ్లు పట్టాలి. నగరంలో హాస్టల్, సిటీ బస్సు, పిల్లల బడి అన్నీ చేరువే అయినా కొందరు పల్లె కేంద్రానికే దరఖాస్తు పెట్టడం ఈ లెక్క తెలిస్తే ఆశ్చర్యం కలిగించదు. తీర మండలాల్లో యానాది గిరిజనుల జనాభా గణనీయంగా ఉన్నా నెల్లూరు జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. యానాది కాలనీలకు రోజూ వెళ్లే నర్సు సేవ కూడా గ్రామీణ సేవగానే లెక్కకు వస్తుందని భావించాలి.

స్టాఫ్ నర్సుది జోనల్ పోస్టు. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు కలిసిన మూడో జోన్‌లో మెరిట్ జాబితా ఒకటే. పాయింటు తేడాతో వెనకబడినవాళ్లు మరుసటి ప్రకటన వచ్చేలోగా ఇంకో ఆరు నెలల సేవ కోసం వెతుక్కుంటారు.

కోవిడ్ కాలం

రాష్ట్రంలో తొలి కోవిడ్ కేసు 2020 మార్చి 12న నెల్లూరులోనే నమోదైంది. ఇటలీ నుంచి వచ్చిన యువకుడికి ఇక్కడే చికిత్స జరిగింది. ఆ తర్వాతి రెండేళ్లలో తెలుగు నేల మీద ట్రావెల్ నర్సింగ్‌కు అతి దగ్గరగా వచ్చినదేదైనా ఉంటే అది కోవిడ్ తాత్కాలిక నియామకమే. నెలలకు పరిమితమైన ఒప్పందం, తెలియని ఊరి ఆసుపత్రి, డ్యూటీ కాగానే ఇంటికి పోలేని క్వారంటైన్ గది. 2021 మే 3న కేంద్రం బీఎస్సీ, జీఎన్ఎం అర్హత ఉన్నవారిని సీనియర్ల పర్యవేక్షణలో పూర్తికాల కోవిడ్ నర్సింగ్‌కు వాడుకోవచ్చనీ, 100 రోజులు పూర్తిచేసినవారికి నియామకాల్లో ప్రాధాన్యం ఇవ్వాలనీ ప్రకటించింది. రాష్ట్రం దాన్ని తనదైన లెక్కలోకి దించింది: కోవిడ్ సేవకు ఆరు నెలలకు 5 మార్కులు, ఏడాదికి 10, ఏడాదిన్నరకు 15. పల్లెలో మూడేళ్ల తొమ్మిది నెలల విలువ కోవిడ్ వార్డులో ఏడాదిన్నరకు దక్కింది. గడువు ముగియగానే చాలామందిని పంపేశారు. వాళ్ల దగ్గర మిగిలిన సేవా ధ్రువపత్రాలు ఆ తర్వాతి ప్రకటనల్లో అక్కరకొచ్చాయి.

కోర్టులు, చట్టాలు

ఒప్పంద ఉద్యోగుల చర్చంతా 2006 ఏప్రిల్ 10 నాటి ఉమాదేవి తీర్పు చుట్టూ తిరుగుతుంది. నియమబద్ధమైన ఎంపిక లేకుండా చేరినవారికి ఎన్నేళ్లు చేసినా శాశ్వత హక్కు రాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అందులో చెప్పింది. 2016 అక్టోబరులో జగ్జీత్ సింగ్ కేసులో తాత్కాలిక ఉద్యోగికీ సమాన పనికి సమాన వేతన సూత్రం వర్తిస్తుందంది. ఆంధ్రప్రదేశ్ 2023లో ఒప్పంద ఉద్యోగుల క్రమబద్ధీకరణ చట్టం తెచ్చి, 2014 జూన్ 2కు ముందు చేరినవారిని పరిధిలోకి తీసుకుంది. కోవిడ్ తరం నర్సులెవరూ దీని కిందికి రారు.

ప్రైవేటు ఆసుపత్రుల సంగతి వేరు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కేంద్ర కమిటీ, యాభై పడకల లోపు ఆసుపత్రిలోనూ నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదనీ, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ సిఫారసు చేసింది. అది సిఫారసే, చట్టం కాదు.

విదేశాలు

నెల్లూరు, కడప జిల్లాల నుంచి కువైట్‌కు వలస పాతది. అందులో నర్సుల వాటా ఇంటిపని, డ్రైవింగ్ వలసల ముందు చిన్నదిగానే ఉండి ఉంటుంది. కువైట్ నియామకాల్లో దళారులు లక్షల్లో వసూలు చేశారన్న కేసుల తర్వాత, 2015లో కేంద్రం గల్ఫ్ సహా 18 దేశాలకు నర్సుల వలసపై ఆంక్షలు పెట్టి, నియామకాలను ప్రభుత్వ సంస్థల చేతికిచ్చింది.

అమెరికాకు వెళ్లాలంటే ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష, ఆంగ్ల పరీక్ష, అర్హతలను సరిచూసే వీసా స్క్రీన్ దాటాలి. నర్సులకే ప్రత్యేకించిన హెచ్1ఏ వీసా 1989 చట్టంతో వచ్చి 1995లో ఆగిపోయింది. ఇప్పుడు ప్రధాన దారి ఈబీ3 గ్రీన్‌కార్డు, భారతీయులకు ఏళ్ల తరబడి వరస. చేరాక కూడా రెండు మూడేళ్లు పిలిపించుకున్న సంస్థకు కట్టుబడాలి. ఇష్టమొచ్చిన ఊరికి 13 వారాల ఒప్పందం రాసుకునే స్వేచ్ఛ ఆ తర్వాతే. 2018 జనవరిలో అమల్లోకి వచ్చిన కొత్త లైసెన్సు ఒడంబడికతో ఒక రాష్ట్రం లైసెన్సు మీదే చాలా రాష్ట్రాల్లో పనిచేయొచ్చు. కోవిడ్ ఉధృతిలో అక్కడ వారానికి 5,000 డాలర్లు దాటిన ఒప్పందాలూ ఉన్నాయి. ఒకే ప్రాంతంలో ఏడాదికి మించి ఉంటే బస, భోజన భత్యాలపై పన్ను మినహాయింపు పోతుంది కాబట్టి, అక్కడి ట్రావెల్ నర్సు ఆ లోపే ఊరు మారుస్తుంది. విడవలూరులో ఏడాది నిండిన కాంట్రాక్టు సిస్టర్‌కు నాలుగు మార్కులు జమవుతాయి.