లాయరుకు ఎంతవుతాది చిన్నమ్మా?

మొన్న ఆదివారం మడకశిర నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది. హిందూపురం దగ్గర ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ మీద పని చేస్తుంది. సూపర్‌వైజర్ వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యేస్తాడట. విదిలించుకుంటే ఆ రోజు టార్గెట్ పెంచుతాడట. అంతా చెప్పి, కాసేపు ఊరుకుని అడిగింది: "లాయరుకు ఎంతవుతాది చిన్నమ్మా?"

నేను లండన్ వచ్చి ఇరవై రెండేళ్లు. ఇక్కడి ఆడవాళ్లూ మొదట అడిగేది ఇదే. ఈ ప్రశ్నకు ఈ దేశం ఒక్కో కాలంలో ఒక్కో జవాబిచ్చింది. అది మన ఊరివాళ్లకు తెలియాలని రాస్తున్నాను.

1939 సెప్టెంబర్ 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. ఆ మర్నాడే చాలా ఊళ్లలో ఉచిత సలహా కేంద్రాలు తెరిచారు. రేషన్, అద్దె, అప్పు, ఏ చిక్కొచ్చినా వెళ్లి అడగొచ్చు. 1949లో పేదల లాయరు ఖర్చు ప్రభుత్వమే పెట్టుకునే చట్టం వచ్చింది. 1976 ఆగస్టులో ఉత్తర లండన్‌లోని గ్రన్‌విక్ ఫోటో లేబొరేటరీ నుంచి జయాబెన్ దేశాయ్ అనే గుజరాతీ ఆవిడ పని వదిలి బయటికి నడిచింది. అక్కడ బాత్‌రూముకు వెళ్లాలన్నా ఆడవాళ్లు అనుమతి అడగాల్సిందే. ఎవరిని కలవాలో తెలియక ఆవిడా, తోటి పనివాళ్లూ వెళ్లింది అలాంటి సలహా కేంద్రానికే. యూనియన్ దారి అక్కడే దొరికింది. దాదాపు రెండేళ్లు సాగిన ఆ సమ్మె ఓడిపోయింది. అయినా చీర కట్టుకుని గేటు ముందు నిలబడ్డ ఆవిడను ఈ దేశం ఇప్పటికీ తలుచుకుంటుంది.

పనిచోట ఆడదాన్ని వేధించడం వివక్షేనని ఇక్కడి పెద్ద కోర్టు ఒకటి తేల్చింది 1986లో. గ్లాస్గోలో ఒక బడి ప్రయోగశాలలో పనిచేసే జీన్ పోర్సెల్లి గెలిచిన కేసది.

ఇక నన్ను ఇప్పటికీ మండించే సంగతి. ఉద్యోగి, యజమాని తగాదాలు విచారించే ట్రిబ్యునల్‌లో అన్నాళ్లూ ఫిర్యాదుకు రుసుము లేదు. 2013 జూలై 29 నుంచి పెట్టారు. వేధింపు, వివక్ష కేసైతే వేయడానికి 250 పౌండ్లు, విచారణకు మరో 950. ఆఫీసులు ఊడ్చి, పిల్లల్ని పెంచుకునే మనిషికి 1,200 పౌండ్లంటే నెల జీతం. కేసులు మూడింట రెండు వంతులకు పైగా పడిపోయాయి. వేధింపులు తగ్గి కాదు, కట్టడానికి డబ్బుల్లేక. యూనిసన్ అనే యూనియన్ కోర్టుకెక్కింది. డబ్బు లేనివాళ్లకు కోర్టు తలుపు మూసే రుసుము చట్టవిరుద్ధమని 2017 జూలై 26న సుప్రీంకోర్టు కొట్టేసింది. కట్టినవాళ్లకు డబ్బు తిరిగిచ్చారు. కట్టలేక ఇంట్లోనే ఉండిపోయినవాళ్లకు మాత్రం ఏమీ తిరిగి రాలేదు.

ఈ మాటలన్నీ చెప్పి మా పిల్లకు ఒక సంగతి గట్టిగా చెప్పాను. ఈ విషయంలో మన చట్టమే మెరుగు. ఇక్కడ ప్రభుత్వ సాయం కావాలంటే నీ సంపాదన, నువ్వు దాచుకున్న డబ్బు అన్నీ చూపించాలి. మన 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడమనిషైతే చాలు, ఆదాయం ఎంతని అడగరు. లాయరు ఫీజు, కోర్టు ఫీజు రెండూ ఉచితం. కోర్టులో ఉండే న్యాయసేవాధికార కమిటీకి తెల్లకాగితం మీద అర్జీ రాసిస్తే సరి. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

పనిచోట వేధింపులపై మన దేశంలో వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. రాయడం రాకపోతే రాసిపెట్టాల్సిన పూచీ కూడా వాళ్లదే. గడువు మూడు నెలలు, అదీ చివరిసారి జరిగిన రోజు నుంచి.

"తారీఖులు గుర్తున్నాయా?" అన్నాను.

గోడ క్యాలెండర్‌లో పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకుందట, ఎవరికీ అర్థం కాకుండా. ఒక్కొక్కటీ చదివింది. నేనిక్కడ కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను. పదకొండు. బుధవారం డ్యూటీ మానేసి వాళ్లమ్మను తోడు తీసుకుని కోర్టు దగ్గరికి వెళతానంది. క్యాలెండర్ కాగితాలు చింపి మడిచి టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుంటోంది, ఆ చప్పుడు ఫోన్‌లో వినబడింది.