పెన్ కోవ్ తద్దినం

ఏటా ఆగస్టు 8 దగ్గరపడేసరికి అమెరికా వాయవ్య మూలన, విడ్‌బీ దీవిలోని కూప్‌విల్ అనే చిన్న ఊరికి కొంతమంది చేరుకుంటారు. పాత సంగతులు చెప్పుకుంటారు. పెన్ కోవ్ అనే అఖాతం నీళ్ళలో పువ్వులు వదులుతారు. మన మాటల్లో అది తద్దినమే. పెట్టేది మనుషులు, పెట్టించుకునేవి ఓర్కాలు. చంపిందీ మనుషులే.

ఇంగ్లీషులో వీటిని హంతక తిమింగలాలంటారు. సగం కీడు ఆ పేరే చేసింది. నిజానికివి డాల్ఫిన్ల కుటుంబానివి. ఆ దీవి చుట్టూ ఉన్న సేలిష్ సముద్రాన్ని ఇల్లు చేసుకున్న ఈ ఓర్కాలవి మూడు మందలు: జె, కె, ఎల్. వంశం తల్లిది. కొడుకులు ఎంత ఎదిగినా అమ్మ పక్క వదలవు. కనే వయసు దాటిన అమ్మమ్మ ముందుండి, చేప దొరికే చోటికి తీసుకుపోతుంది. ఒక్కో మందకు తనదైన పలుకుబడి ఉంది. ఆ తీరంలోని లమ్మీ తెగవాళ్ళు వీటిని అలల కింద ఉండే చుట్టాలంటారు.

1970 ఆగస్టు 8న ఆ చుట్టాలింటి మీద దాడి జరిగింది. మోటారు పడవలు, పైన విమానం, నీళ్ళలో బాంబులు. మనుషులు తరమడం వాటికి కొత్త కాదు. పిల్లల్లేనివి ఒక దారిన పోయి వేటగాళ్ళను వెంట తిప్పుకుంటే, తల్లులు పిల్లలతో మరో దారి పట్టాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ ఊపిరికి పైకి రాక తప్పదు కదా, విమానం కనిపెట్టేసింది. ఎనభైకి పైగా ఓర్కాలను పెన్ కోవ్‌లోకి తోలి వలలు వేశారు. పిల్లలను వేరు చేశారు. పెద్దవాటిని వదిలినా కదల్లేదు. పిల్లలు అరుస్తుంటే వల చుట్టూనే తిరిగాయి. నాలుగు పిల్లలు, ఒక పెద్ద ఓర్కా వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిపోయాయి. సంగతి బయటికి పొక్కకుండా పొట్టలు కోసి, రాళ్ళు నింపి ముంచేశారు. కొన్ని నెలలకు కళేబరాలు బయటపడ్డాయి. సముద్రం దాచలేదు.

ఏడింటిని అమ్మేశారు. వాటిలో నాలుగేళ్ళ పిల్ల ఒకటి. మయామీలోని జలప్రదర్శనశాలకు చేరింది. టొకిటే అని పేరు పెట్టారు, ఆట కోసం లోలిటా అని మార్చారు. ఇక్కడి నుంచి ‘అది’ అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆమె ఇరవై అడుగులకు పెరిగింది. ఆమెకిచ్చిన తొట్టి పొడవు 80 అడుగులు, వెడల్పు 35. నాలుగు ఈతలు ఈదితే గోడ. తోడుగా ఉన్న హ్యూగో కూడా ఆ సముద్రం బిడ్డే. తల గోడకేసి బాదుకునేవాడు, 1980లో పోయాడు. తరవాత ఆమెకు తన జాతి తోడు లేదు. అయినా ఎల్ మంద పలుకులు మరిచిపోలేదని విన్నవాళ్ళు చెప్పారు. పుట్టింటి యాస అంత తొందరగా పోదు.

లమ్మీలు, ఊళ్ళ జనం ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా 2023 మార్చిలో ఆమెను ఇంటికి పంపుతామని ప్రకటన వచ్చింది. ఆగస్టు 18న ఆమె ఆ తొట్టిలోనే చనిపోయింది. చితాభస్మం మాత్రం ఆమె పుట్టిన నీళ్ళకు చేరింది.

అంతకు చాలా ముందే, 1976లో, ఆ రాష్ట్ర రాజధాని ఒలింపియా ఎదుటే బడ్ ఇన్‌లెట్‌లో ఓర్కాలను ఇలాగే పట్టుకుంటుంటే గవర్నర్ సహాయకుడు రాల్ఫ్ మన్రో కళ్ళారా చూశాడు. రాష్ట్రం కోర్టుకెక్కింది, వేట ఆగింది. అదే ఏడాది కెన్ బాల్కమ్ అనే పరిశోధకుడు ఈ మూడు మందల్లో ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి లెక్కరాయడం మొదలుపెట్టాడు. ఆ లెక్కకు మిగిలినవి 71. నెమ్మదిగా కోలుకుని 1995కి 98 అయ్యాయి. మళ్ళీ జారాయి. 2024 జూలై నాటికి 73.

ఈసారి వల ఎవరూ వేయలేదు. కూడు తీసేశారు. ఈ ఓర్కాలు సీలును తినవు, తిమింగలాన్ని తినవు. సాల్మన్ కావాలి, అందులోనూ చినూక్ కావాలి. పుస్తెలమ్మయినా పులస తినాలనే గోదారి జిల్లాలవాళ్ళకు ఈ పట్టింపు వింతేమీ కాదు. పులసలాగే చినూక్ కూడా సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతుంది. మన పులసకు ధవళేశ్వరం అడ్డం నిలిచినట్టు, చినూక్‌కు స్నేక్ నది దిగువన నాలుగు డ్యాములు నిలిచాయి. 2023లో కుదిరిన ఒప్పందంతో అవి తొలగుతాయేమోనని ఆశ కలిగింది. 2025 జూన్‌లో అధ్యక్షుడు ట్రంప్ దాన్ని రద్దు చేశాడు. ఎల్వా నది మీది రెండు డ్యాములు మాత్రం 2014కల్లా నేలమట్టమయ్యాయి, చేప పైకెక్కుతోంది. దీనికి తోడు ఓడల రొద. చీకటి నీళ్ళలో శబ్దంతోనే చేపను వెతికే ప్రాణికి అది కళ్ళలో కారం.

జూన్ నెలను అక్కడివాళ్ళు ఓర్కాలకు కేటాయించారు. అక్టోబరులో ఒక రోజు గుంపులుగా వాగుల గట్లకు పోయి ముళ్ళకంపలు పెరికి మొక్కలు నాటుతారు. నీడ ఉంటేనే నీళ్ళు చల్లబడతాయి, చల్లటి నీళ్ళలోనే సాల్మన్ గుడ్డు బతుకుతుంది. బళ్ళలో పిల్లలు గుడ్లు పొదిగించి చేపపిల్లలను వాగులో వదులుతారు. తెలుగువాళ్ళు దండిగా ఉన్న ఇసాక్వా అనే ఊళ్ళో అక్టోబరు మొదట్లో సాల్మన్ పండగ జరుగుతుంది. వంతెన మీద నిలబడి, ఎదురెక్కే చేపను పిల్లలకు చూపించే అమ్మానాన్నల్లో మనవాళ్ళూ ఉంటారు. ఈ పనులు ఓర్కాను కాపాడతాయా అంటే నాకు నమ్మకం తక్కువ. డ్యాముకు మొక్క సమాధానం కాదు. మానేయమని మాత్రం అనలేను.

2018 జూలైలో జె మందలోని టాలెక్వా కన్న పిల్ల అరగంటకే పోయింది. ఆ తల్లి పదిహేడు రోజులు, దాదాపు 1,600 కిలోమీటర్లు, చచ్చిన బిడ్డను ముక్కు మీద మోసింది. జారిపోతే మునిగి తెచ్చుకుంది. లోకమంతా ఏడ్చింది. 2020లో ఆమెకు మరో బిడ్డ పుట్టి బతికాడు. 2024 డిసెంబరులో ఇంకొకటి పుట్టింది. 2025 కొత్త సంవత్సరం రోజున చూసినవాళ్ళకు టాలెక్వా మళ్ళీ ఒక కళేబరాన్ని మోస్తూ కనబడింది. లెక్కల పుస్తకంలో దాని పేరు జె61. ఆడపిల్ల.